గుండె చప్పుడు లేదన్నాక: ఆగి చూడటమా, మాత్రలా, డీఎన్‌సీనా?

మొదటిసారి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. గర్భం తొమ్మిదో వారం స్కాన్‌లో కడుపులో బిడ్డ గుండె చప్పుడు రావట్లేదన్నారు. సాయంత్రం అడ్మిట్ అవ్వమన్నారు. మర్నాడు పొద్దున్నే డీఎన్‌సీ, అంటే గర్భసంచిని లోపల శుభ్రం చేయడం, చేసి ఇంటికి పంపేశారు. ఇంకో దారి ఉందని గానీ, రెండు రోజులు ఆలోచించుకోవచ్చని గానీ ఆ ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు. రెండేళ్ల తర్వాత అదే మాట మళ్లీ విన్నాను. ఈసారి అమలాపురంలో చూపించుకున్నాను. ఆ డాక్టరుగారు నేను ఏడవడం కాస్త తగ్గేదాకా ఆగి, "కంగారేం లేదమ్మా, మూడు దారులున్నాయి. ముందు నాకొకటి చెప్పు. మీ ఇంటి నుంచి అర్ధరాత్రి ఇక్కడికి రావాలంటే ఎంతసేపు పడుతుంది?" అన్నారు.

మాది లంక ఊరు. అప్పుడు ఆగస్టు. ఏరు దాటే లోతట్టు రోడ్డు, కాజ్‌వే, మీద నీళ్లున్నాయి. పగలైతే పడవ, ఆ తర్వాత ఆటో, మొత్తం గంటన్నర. రాత్రయితే పడవ కట్టేస్తారు. ఆ మాటే చెప్పాను. ఆవిడ చీటీ మీద రాయడం ఆపి, "అయితే మాత్రలు వేసుకోవచ్చు గానీ మీ ఇంట్లో కాదు" అన్నారు.

ఎక్కడ చదివినా ఈ మూడు దారుల్ని నొప్పి ఎంత, ఖర్చు ఎంత, ఎన్ని రోజులు అని పోలుస్తారు. అవన్నీ కావాల్సినవే. గోదావరి పాయల మధ్య బతికేవాళ్లకి మాత్రం వాటికంటే ముందు ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు కావాలి. నేను డాక్టర్ని కాను. రెండు దారులు నా ఒంటి మీద చూశాను, మూడోది మా తోడికోడలు చూసింది. స్టాఫ్ నర్సుగా చేసే మా వదినని విసిగించి విసిగించి అడిగి తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి. ఇదంతా మొదటి మూడు నెలల్లో పోయిన గర్భాల గురించే.

ముందు, నిజంగానే పోయిందా?

దారి ఎంచుకునే ముందు ఇది ఖాయం కావాలి. కింది నుంచి చేసే స్కాన్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉండి గుండె చప్పుడు లేకపోయినా, పిండం చుట్టూ ఉండే సంచి సగటు వెడల్పు 25 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉండి లోపల పిండమే లేకపోయినా గర్భం నిలవలేదని లెక్క. అంతకంటే తక్కువ కొలతలుంటే వారం, పది రోజులాగి మళ్లీ స్కాన్ తీయాలి. పీరియడ్స్ ఆలస్యంగా వచ్చేవాళ్లలో తేదీల లెక్క తప్పి, నిజానికి ఆరో వారంలో ఉన్నదాన్ని ఎనిమిదో వారమనుకునే ప్రమాదం ఉంది. అనుమానం ఉంటే ఇంకో స్కాన్ అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఒంట్లో బాగుండి, జ్వరం, విపరీతమైన రక్తస్రావం లేకపోతే వారం ఆగినందువల్ల కొంప మునగదు.

గర్భం గర్భసంచిలోనే ఉందని కూడా స్కాన్‌లో తేలాలి. ట్యూబులో నిలిచిన గర్భానికి ఈ మాత్రలు పనిచేయవు. మాత్రలు వేసుకున్నాం కదా, రక్తం పోతోంది కదా అనుకుంటూ ఇంట్లో కూర్చుంటే, లోపల ట్యూబు పగిలి ప్రాణం మీదకి వస్తుంది. స్కాన్ లేకుండా మాత్రలు మింగకూడదనేది అందుకే.

ఎందుకు పోయిందని మా ఇంట్లో పెద్ద పంచాయతీయే జరిగింది. బొప్పాయి ముక్క తిన్నానని ఒకరు, గతుకుల రోడ్డు మీద ఆటో ఎక్కానని ఇంకొకరు. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా ఇలా పోతాయి. తొలి వారాల్లో పోయినవాటిలో సగమో, అంతకంటే ఎక్కువో క్రోమోజోముల లెక్క మొదట్లోనే తప్పడం వల్ల పోతాయి. మన రోడ్లకి ఆ శక్తే ఉంటే కోనసీమలో ఒక్క కాన్పూ అయ్యేది కాదు.

ఆగి చూడటం

ఏ మందూ లేకుండా దానంతట అది పడిపోయేదాకా ఆగడం ఒక దారి. మా తోడికోడలికి అప్పటికే నొప్పి, రక్తం మొదలయ్యాయి. ఆమెకి నాలుగు రోజుల్లో అయిపోయింది. అలా మొదలైపోయినవాళ్లకి ఈ దారి బాగా కుదురుతుంది. నాలా లోపల గర్భం ఆగిపోయి బయట ఏ సూచనా లేనివాళ్లకి వారాలు పట్టవచ్చు. ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. పెళ్లిలోనో, బస్సులోనో మొదలవ్వచ్చు. బ్రిటన్‌లో 1,200 మంది ఆడవాళ్లని ఈ మూడు దారుల్లో పెట్టి చూసిన అధ్యయనం 2006లో వచ్చింది. ఆగి చూసినవాళ్లలో నూటికి 44 మందికి, మాత్రలు వాడినవాళ్లలో 13 మందికి, ముందే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 5గురికి అనుకోకుండా క్లీనింగ్ చేయాల్సి వచ్చింది.

ఆ అధ్యయనంలో నాకు అంతకంటే పనికొచ్చిన అంకె ఇంకొకటుంది. ఇన్‌ఫెక్షన్ మూడు గుంపుల్లోనూ నూటికి 2, 3 మందికే వచ్చింది. "లోపల ఉంచుకుంటే విషం ఎక్కేస్తుంది, ఈ రాత్రికే తీయించేయాలి" అని నన్ను మొదటిసారి పరుగులు పెట్టించిన మాటకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మాత్రలు

ఇందులో రెండు మందులున్నాయి. ఒకటి మిఫెప్రిస్టోన్. గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పనిని అది ఆపుతుంది. రెండోది మిసోప్రోస్టాల్. ఇది గర్భసంచి ద్వారాన్ని మెత్తబరిచి, గర్భసంచి ముడుచుకునేలా చేస్తుంది. దీన్ని మొదట కడుపులో అల్సర్ కోసం తయారుచేశారు. మా చీటీ చూసి మెడికల్ షాపు అబ్బాయి "ఇది గ్యాస్ మాత్రే కదండీ" అన్నాడు. అతని తప్పు లేదు.

చాలాకాలం మిసోప్రోస్టాల్ ఒక్కటే ఇచ్చేవారు, ఇప్పటికీ కొన్నిచోట్ల అంతే. 2018లో అమెరికాలో 300 మందితో ఒక అధ్యయనం అచ్చయింది. మిసోప్రోస్టాల్ ఒక్కటే వాడినవాళ్లలో మొదటి చెకప్‌కల్లా నూటికి 67 మందికి పూర్తిగా పడిపోతే, ముందురోజు మిఫెప్రిస్టోన్ కూడా వేసుకున్నవాళ్లలో 84 మందికి పడిపోయింది. తర్వాత క్లీనింగ్ అవసరమైనవాళ్లు మొదటి గుంపులో 23 మందికి పైగా, రెండో గుంపులో 9 మంది లోపు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ కూడా 2023లో తన మార్గదర్శకాల్ని మార్చి, గుండె చప్పుడు ఆగిపోయి ఇంకా రక్తం పడనివాళ్లకి రెండు మందులూ ఇవ్వమంది. అందుకని మీ డాక్టరుగారు ఒక్క మందే రాస్తే, "మిఫెప్రిస్టోన్ కూడా వాడొచ్చా అండీ?" అని అడిగి చూడండి. ఇప్పటికే సగం పడిపోయి ముక్కలు మాత్రం మిగిలినవాళ్లకి మిసోప్రోస్టాల్ ఒక్కటే సరిపోతుంది.

మామూలుగా మొదటి రోజు మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి మింగిస్తారు. ఒకటి రెండు రోజుల తర్వాత మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి నాలుగు, అంటే 800 మైక్రోగ్రాములు, యోనిలో పెట్టుకోమంటారు. ఈ లెక్క మీ చీటీతో సరిచూసుకోవడానికే రాశాను, షాపుకి వెళ్లి కొనుక్కోవడానికి కాదు.

నేను అమలాపురంలో మా పిన్ని ఇంట్లో ఉండి, పగలు పదింటికి పెట్టుకున్నాను. సాయంత్రం పెట్టుకుని ఉంటే అసలు పని అర్ధరాత్రి జరిగేది. అందుకే పొద్దున్న పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. అరగంట ముందే నొప్పి మాత్ర వేసుకోమన్నారు, వేసుకున్నాను. నొప్పి ముదిరాక వేసుకుంటే అంత పట్టదు. రెండు గంటలకి చలి, వణుకు వచ్చాయి, ఆగస్టు ఉక్కలో రెండు దుప్పట్లు కప్పుకున్నాను. ఒకసారి విరేచనం అయింది. ఇవన్నీ మందు గుణమే. మొదటి రోజు కాస్త జ్వరం వచ్చి తగ్గిపోతే భయం లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి నొప్పి మొదలైంది. పీరియడ్ నొప్పిలాగే ఉంటుందని ఎక్కడో చదివాను గానీ నాకు అంతకు మూడింతలు వచ్చింది. మూడు నాలుగు గంటల పాటు గడ్డలు గడ్డలుగా రక్తం పోయింది. సాయంత్రం నాలుగు దాటాక పిండం ఉన్న సంచి పడింది, వెంటనే నొప్పి సగానికి తగ్గింది.

ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ఎనిమిది, తొమ్మిది వారాలకి బూడిదరంగు, తెలుపు కలిసిన తిత్తిలాంటిది కనిపించవచ్చు. చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. పరీక్షకి తెమ్మన్నారేమో మాత్రం ముందే అడిగి పెట్టుకోండి. మా డాక్టరుగారు అక్కర్లేదన్నారు. మా పిన్ని తెల్లగుడ్డలో చుట్టి దొడ్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టింది. ఆ మాట నాకు నెల తర్వాత చెప్పింది.

తర్వాత రెండు వారాల దాకా కొద్దికొద్దిగా రక్తం కనబడుతూనే ఉంటుంది. మిసోప్రోస్టాల్ పెట్టుకున్నాక 48 గంటలు గడిచినా రక్తమే మొదలవకపోతే డాక్టరుగారికి ఫోన్ చేయాలి. రెండో డోసు ఇస్తారు, లేదంటే క్లీనింగ్ గురించి మాట్లాడతారు.

డీఎన్‌సీ అని అందరూ అనేది

మన వైపు లోపల శుభ్రం చేసే ఏ పద్ధతినైనా డీఎన్‌సీ అనేస్తారు. నిజానికి అందులో రెండు రకాలున్నాయి. పదునైన గరిటెలాంటి పరికరంతో గీకడం పాత పద్ధతి. సన్నని గొట్టంతో పీల్చేయడం, అంటే సక్షన్, ఇప్పటి పద్ధతి. గీకే పద్ధతిని మానేసి సక్షన్ వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పట్నుంచో చెబుతోంది. చేత్తో లాగే పెద్ద సిరంజితో చేసే సక్షన్‌ని ఎంవీఏ అంటారు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. అక్కడికక్కడ మత్తు ఇచ్చి పది, పదిహేను నిమిషాల్లో చేసి, అదే రోజు ఇంటికి పంపేయొచ్చు. కాబట్టి "డీఎన్‌సీ చేద్దాం" అన్నప్పుడు "సక్షన్‌తోనా అండీ, గీకుతారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. నా మొదటిసారి ఏది చేశారో నాకు ఇప్పటికీ తెలియదు, డిశ్చార్జి కాగితం మీద మూడక్షరాలే ఉన్నాయి.

దీనిలో పెద్ద సుఖం, ఎప్పుడు అయిపోతుందో ముందే తెలియడం. నూటికి 95 మందికి పైగా ఒక్కసారితో తేలిపోతుంది. నొప్పి తక్కువ, ఆ తర్వాత రక్తం పోయే రోజులూ తక్కువ. గర్భసంచికి చిల్లు పడటం, లోపల గోడలు అతుక్కోవడం లాంటివి అరుదు గానీ ఉన్నాయి, గీకే పద్ధతిలో ఆ భయం ఎక్కువ. ఖర్చు చూస్తే ప్రైవేటులో మాత్రలది వందల్లో, దీనిది వేలల్లో. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు ప్రసక్తి ఉండదు.

కొందరికి ఆలోచించే పనే లేదు, ఇదే దారి. విపరీతంగా రక్తం పోతున్నవాళ్లు, జ్వరంతో దుర్వాసన ఉన్నవాళ్లు, స్కాన్‌లో ముత్యాల గర్భం (పిండం సరిగా పెరగక నీటి బుడగల గుత్తిలా తయారయ్యేది) అనుమానం ఉన్నవాళ్లు ఆ కోవలోకి వస్తారు. ముత్యాల గర్భమైతే తీసింది ల్యాబుకి కూడా పంపాలి.

ఏటి అవతల ఉంటే

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. మాత్రలు వేసుకున్న చాలామందికి ఇంట్లోనే ఏ ఇబ్బందీ లేకుండా అయిపోతుంది. కొద్దిమందికి మాత్రం రక్తం ఆగదు. గంటకి రెండు పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతూ వరసగా రెండు గంటలు అలాగే ఉంటే, కళ్లు తిరిగి పడిపోతుంటే, అది ఆసుపత్రికి బయల్దేరాల్సిన సమయం. "తెల్లారాక చూద్దాం" అనే మాట అప్పుడు పనికిరాదు. గుడ్డలు వాడేవాళ్లకి ఈ లెక్క అందదు, ఆ రెండు రోజులకైనా ప్యాడ్లు కొనుక్కోండి.

అమలాపురం, భీమవరం, తణుకు లాంటి ఊళ్లలో ఉండి పావుగంటలో ఆసుపత్రికి చేరగలిగితే ఇంట్లో మాత్రలకి నేను ఓటు వేస్తాను. సఖినేటిపల్లి రేవులో పంటు దాటి నర్సాపురం వెళ్లాల్సినవాళ్లూ, లంకల్లో ఉండేవాళ్లూ వేరేగా ఆలోచించాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది ఇస్తారు. మా కాజ్‌వే ఆ మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగదు, ముందే మునుగుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా లంకలో కూర్చుని మాత్రలు పెట్టుకోవడం నాకైతే సమ్మతం కాదు. ఆగి చూడటం ఇంకా కష్టం, అది ఏ రాత్రి మొదలవుతుందో ఎవరికీ తెలియదు కదా. నేను చేసిందే చెబుతాను. మిఫెప్రిస్టోన్ ఆసుపత్రిలోనే మింగి, అమలాపురంలో మా పిన్ని ఇంట్లో నాలుగు రోజులున్నాను. మా అత్తయ్యగారు "పరాయింట్లో ఏంటమ్మా" అని నొచ్చుకున్నారు. ఏరు చూపించాను, ఇంకేమీ అనలేదు. బంధువుల ఇల్లు లేకపోతే, పగటిపూట ఆసుపత్రిలోనే పెట్టించుకుని సాయంత్రం దాకా అక్కడే ఉంచుకుంటారేమో అడగండి. అదీ కుదరకపోతే ఏటి అవతలివాళ్లకి సక్షనే నయం. వేసవిలో కాజ్‌వే తేలి, ఇంట్లో బండి ఉండి, అర్ధరాత్రి నడిపే మనిషి ఉంటే లెక్క మారిపోతుంది.

ఇంకో లెక్క రక్తానిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 8, 9 దగ్గర ఉన్న మనిషికి మామూలుగా పోయే రక్తమే ఎక్కువైపోతుంది. మాత్రలకి ముందు ఆ పరీక్ష తప్పనిసరి. దానితోపాటే బ్లడ్ గ్రూపు కూడా చూడాలి. నెగెటివ్ అయితే, తర్వాతి గర్భానికి ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగాలి. తొలి వారాల్లో మాత్రలు వాడినవాళ్లకి అది అక్కర్లేదని కొన్ని దేశాల్లో అంటున్నారు, మన దగ్గర చాలామంది డాక్టర్లు ఇస్తున్నారు. ఇస్తే 72 గంటల్లోపు ఇవ్వాలి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు మింగుతున్నవాళ్లు, కాపర్-టీ లోపలే ఉండగా గర్భం వచ్చినవాళ్లు మాత్రలకి ముందే ఆ సంగతి చెప్పాలి. పాత సిజేరియన్ ఉంటే మాత్రలు వాడకూడదని కాదు, గర్భం ఆ కుట్టు మీద నిలవలేదని స్కాన్‌లో చూడాలి. మన రాష్ట్రంలో అదే సర్వే లెక్కకి నూటికి 42 కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఇది చాలామందికి వర్తిస్తుంది.

కిట్ గురించి ఒక మాట

రెండు మందులూ కలిపి కిట్ పేరుతో షాపుల్లో దొరుకుతాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా అమ్మేవాళ్లున్నారు. మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారే తెప్పించి ఇస్తారు. చట్టంలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన అసలు డాక్టరు, మా ఊళ్లో ఆర్‌ఎంపీ అంటే సైకిల్ మీద సూది పెట్టె పట్టుకొచ్చే పెద్దమనిషి. ఆయన మంచివాడే, మా మామయ్యగారి బీపీ ఆయనే చూస్తారు. ఆయన దగ్గర స్కాన్ లేదు, రక్తం ఎక్కించే వసతి లేదు. ఆ కిట్ వేసుకుని రక్తం ఆగక పడవలో పడుకోబెట్టి తెచ్చిన అమ్మాయిని మా రేవులోనే చూశాను.

ఒకవేళ అలా వేసుకుని ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే, ఏం వేసుకున్నారో దాచకండి. తిట్టినా చెప్పండి, చికిత్స దాన్ని బట్టే ఉంటుంది.

తర్వాత

మూడు వారాలకి మూత్రంతో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవాలి. రెండు గీతలు వస్తే లోపల ఏదో మిగిలిందేమో చూపించుకోవాలి. అంతకంటే ముందు చేస్తే హార్మోను ఇంకా ఒంట్లో ఉండి ఊరికే రెండు గీతలు వస్తాయి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒకటి రెండు రోజులు దాటాక వచ్చే జ్వరం, దుర్వాసన, తగ్గని పొత్తికడుపు నొప్పి ఉంటే ఆ మూడు వారాలు కూడా ఆగొద్దు. పీరియడ్ నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది. దానికంటే ముందే మళ్లీ గర్భం రావచ్చు, వద్దనుకుంటే ఆ రోజు నుంచే జాగ్రత్త పడాలి. మాత్రలైనా, సక్షనైనా, ఆగి చూసినా, ముందు ముందు పిల్లలు పుట్టే అవకాశం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఏ దారి ఎంచుకోవాలా అని తల పట్టుకున్న రోజు నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఈ మాటే.

ఉద్యోగం చేసేవాళ్లకి ఒకటి. గర్భం పోయినా ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. ముందు ఇది 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండేది, 2025 నవంబరు నుంచి దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. అంతకు ముందు 12 నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి, రుజువు చూపాలి. మాత్రలతో ఇంట్లోనే అయిపోయినవాళ్ల దగ్గర డిశ్చార్జి కాగితం ఉండదు. అందుకని మాత్రలు రాసిన రోజే ఆ చీటీ, రెండు స్కాన్ రిపోర్టులు ఒక కవర్లో పెట్టేసుకోండి, డాక్టరుగారి చేత ఒక సర్టిఫికెట్ రాయించుకోండి. నాకు ఈ సంగతి తెలిసేసరికి నేను మూడు రోజుల క్యాజువల్ లీవు పెట్టి స్కూలుకి వెళ్లిపోతున్నాను.